వర్షాశనమున అసలెంత, ఆదాయమెంత?



ఎవరి స్మృత్యర్థము ఈ ఉపన్యాసము ఏర్పడినదో ఆ గురువర్యులు తమ పేరును వేదికపై మాటిమాటికి ఉచ్చరించుటను జీవితకాలమున సహింపనివారు. నేనును ఆ మర్యాదను పాటించి, వారికి స్తోత్రముకంటె ప్రీతికరమైన లెక్కలోనికే దిగెదను. వారి శిష్యులు కూడబెట్టి విశ్వవిద్యాలయమునకు అప్పగించిన మూలధనము బ్యాంకులో కదలక యుండగా, దానిపై ఏటేట వచ్చు వడ్డీ ఈ సభకును, ఈ ప్రసంగపు ముద్రణకును, వక్తకు కప్పు శాలువకును వ్యయమగుచున్నది. అసలును ముట్టరాదనియు, వడ్డీని మాత్రమే వాడవలెననియు దానపత్రమున వ్రాసియున్నది. ఇది అంతములేని వర్షాశనము. మనుష్యుల వర్షాశనములు ఇట్టివి కావు. మనిషికి అంతమున్నది గనుక, అతడు తన సొమ్ము పోసి కొనుక్కొన్న ఆన్యుయిటీలో, మూలధనము వారసులకు తిరిగి వచ్చు షరతు లేనిచో, ప్రతి వాయిదాయందును కొంత అసలు, కొంత వడ్డీ కలగలిసి వచ్చును. ఈ రెండు పాళ్లను విడదీయక, చేతికి వచ్చిన ప్రతి రూపాయిని ఆదాయమనియే లెక్కించుట మన పన్నుచట్టమున చిరకాలముగా నున్న లోపమని నా అభిప్రాయము. నేటి ప్రసంగమంతయు ఆ ఒక్క మాటకు ఉపపత్తి.

ఈ సభకు చేరువనున్న తార్నాకను ఉదాహరణగా గ్రహించుట కేవలము సామీప్యముచేత కాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయము, జాతీయ పోషకాహార సంస్థ, రసాయన సాంకేతిక సంస్థ, హబ్సిగూడ వైపున భూభౌతిక పరిశోధన సంస్థ, కణజీవశాస్త్ర కేంద్రము, ఇవతల దక్షిణమధ్య రైల్వే, ఆర్టీసీ వారి ఆసుపత్రి: ఇన్ని సంస్థల ఉద్యోగులు పనిచేసినంత కాలము ఇచ్చటనే తిరిగి, విశ్రాంతి పొందిన పిదప ఇచ్చటనే ఫ్లాటు కొనుక్కొని స్థిరపడుటచే, మెట్రో స్టేషను మొదలుకొని వీధుల సంఖ్యలు ముగియువరకు పింఛనుదారు లేని మెట్టు కానరాదు. నవంబరు మాసము వచ్చినదా, తాము బ్రతికియున్నామని నిరూపించుకొనుటకు వీరందరు బ్యాంకుల ముందు బారులు తీరెదరు. 2014లో జీవన్ ప్రమాణ్ అను వేలిముద్ర పద్ధతి వచ్చినను, ఏండ్ల తరబడి సుద్దముక్క పట్టి అరిగిన వ్రేళ్ల ముద్రలను యంత్రము గుర్తింపకుండుట కలదు గనుక, పెద్దలు పాసుపుస్తకమును ప్లాస్టిక్ సంచిలో నుంచుకొని స్వయముగానే వత్తురు.

ఆ వరుసలో ఒకరి వెనుక నొకరు నిలిచిన ఇద్దరిని ఊహింపుడు. ముందున్నవారు రైల్వేలో పాత పింఛను పద్ధతిపై విశ్రాంతి పొందినవారు. వెనుకనున్నవారు 2004 సెప్టెంబరు 1 తరువాత నియమితులైన రాష్ట్రోద్యోగుల కోవకు చెంది, కంట్రిబ్యూటరీ పింఛను పథకమున పడి, విశ్రాంతి నాడు బీమా సంస్థ నుండి ఆన్యుయిటీ కొనవలసి వచ్చినవారు. వీధి ఒకటే, పాలవాడు ఒకడే, రక్తపోటు మాత్ర కూడ ఒకటే. పన్నుచట్టము మాత్రము వీరిని రెండు జాతులుగా చూచుచున్నది. ఎట్లు చూచుచున్నదో చెప్పుటకు ముందు ఈ నగరపు పూర్వకథ కొంత చెప్పవలెను. అది ఈ విషయమునకు దూరమైనది కాదు.

అసఫ్ జాహీల రాజ్యమున మన్సబులు, యౌమియాలు, రుసుములు మొదలగు పేర్లతో ఖజానా నుండి తరతరములుగా నగదు ముట్టుచుండిన కుటుంబములు అనేకము. జాగీర్ల సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. 1949 ఆగస్టు 15న జాగీర్ల రద్దు శాసనమును, దాని వెన్నంటి 1950 జనవరి 25న పరిహార శాసనమును వెలువడి, ఏటేట భూమి నుండి వచ్చు రాబడికి బదులుగా ఒక మొత్తమును లెక్కగట్టి, దానిని వాయిదాలపై చెల్లించునట్లు ఏర్పరచినవి. ప్రవాహమును మొత్తముగా మార్చి, ఆ మొత్తమును మరల ప్రవాహముగా చెల్లించుట అన్నమాట! ఆ శాసనములు చెల్లునని సర్వోన్నత న్యాయస్థానము సర్వర్‌లాల్ వ్యాజ్యమున 1960లో నిర్ణయించెను. ఇక నిజాము ప్రభువునకు నిర్ణయించిన రాజభరణము సాలునకు 50 లక్షల హాలీ సిక్కా రూపాయలు. రాజ్యాంగము 291వ అధికరణముచే దానిపై ఆదాయపు పన్ను లేదు. 1971లో 26వ సవరణతో రాజభరణములే రద్దగువరకు, ఈ దేశమున అన్నిటికంటె పెద్ద వర్షాశనములకు పన్ను తగులలేదు.

నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1950 ప్రాంతమున తన సంతతికిని బంధువర్గమునకును ట్రస్టులు పెక్కింటిని ఏర్పరచి, ప్రభుత్వ సెక్యూరిటీలను వానికి వ్రాసియిచ్చెను. 1957లో సంపద పన్ను చట్టము వచ్చుటతో ఆ ట్రస్టుల లబ్ధిదారుల హక్కులకు ఎట్లు వెలకట్టవలెనను వివాదము పుట్టి, ట్రస్టీలపై పన్ను ఏ సెక్షను క్రింద, ఎవరి హక్కు మేరకు విధింపవలెనను చిక్కుముడి 1977లో సర్వోన్నత న్యాయస్థానమున గాని వీడలేదు. ఆ చట్టమున ఒక చక్కని నిబంధన యుండెను. తాను గాని తనకొరకు మరియొకరు గాని ఒప్పందము మీద కొనని ఆన్యుయిటీ విషయమున, దానిలో ఏ భాగమును రొక్కపు మొత్తముగా మార్చుకొనుటకు వీలులేదని షరతులే నిషేధించినచో, ఆ హక్కు సంపదలో చేరదు. ఒక్కసారిగా చేజిక్కించుకొనగలిగినది ఆస్తి. నెలనెల గాని ఏటేట గాని ఇచ్చినంత పుచ్చుకొనవలసినది జీవనాధారము. 1970లో అరుంధతి బాలకృష్ణ వ్యాజ్యమున న్యాయస్థానము ఈ భేదమునే మరికొంత పదునుపెట్టి, నిర్ణీతమైన మొత్తము ప్రతి సంవత్సరము రావలసియున్ననే ఆన్యుయిటీ యగుననియు, ఆస్తి యొక్క ఆదాయమున పాలు పొందుట ఆన్యుయిటీ కాదనియు చెప్పెను. సంపద పన్ను 2015 నాటి ఆర్థిక చట్టముతో అంతరించినది. దానితో పాటు, వెనుకకు తీసికొను వీలున్నదా లేదా యని ముందుగా ప్రశ్నించు ఆ సూక్ష్మదృష్టియు అంతరించినది. ఆదాయపు పన్ను చట్టమునకు అట్టి దృష్టి మొదటినుండియు లేదు.

అసలు, వడ్డీ అను భేదమును ఇతర దేశములవారు ఎట్లు గుర్తించిరో చూతము. ఇంగ్లండున కొనుక్కొన్న ఆన్యుయిటీ వాయిదాలపై చిరకాలము మొత్తముగనే పన్ను పడుచుండెను. మిల్లర్డ్ టక్కర్ సంఘము 1954లో నివేదిక సమర్పించిన పిదప, 1956 ఆర్థిక చట్టము వాయిదాలోని మూలధన భాగమును ఆదాయము నుండి మినహాయించెను. అమెరికావారు మొదట మూలధనము పూర్తిగా తిరిగి వచ్చువరకు పన్నే వేయక, 1934లో కొన్న వెలలో నూటికి మూడు వంతున ఏటేట ఆదాయమని భావించు మోటు సూత్రమును పెట్టి, 1954 చట్టమున ఆయుఃప్రమాణ పట్టికలను అనుసరించి ప్రతి వాయిదాను దామాషాగా విభజించు పద్ధతికి వచ్చిరి. 1986 సంస్కరణ తరువాత అచ్చట మరియొక న్యాయము చేరినది: పట్టికను మించి బ్రతికిన పుణ్యాత్మునకు పెట్టిన సొమ్మంతయు తిరిగి ముట్టిన నాటినుండి మొత్తముపై పన్ను పడును, పట్టికకు ముందే కాలము చేసినవాని మిగిలిన మూలధనమునకు చివరి పత్రమున మినహాయింపు లభించును. మన ఆదాయపు పన్ను చట్టము 1961లో పుట్టినది. ఇంగ్లండువారు తమ పొరబాటును దిద్దుకొన్న అయిదేండ్లకు వ్రాసిన చట్టమున ఆ దిద్దుబాటు ఏల చేరలేదని నేను పలుమారు తలపోసితిని. బహుశః ఆనాడు తన సొమ్ముతో ఆన్యుయిటీ కొనువాడు ఈ దేశమున అరుదు. జీవిత బీమా సంస్థయే 1956 సెప్టెంబరున ఏర్పడి, ఇంకను బాల్యావస్థలో నుండెను.

ఒక చేబదులు తీరిన నాడు, అప్పిచ్చినవాని అసలు అతని చేతికి తిరిగి వచ్చినందుకు ఎవరును పన్ను అడుగరు. వడ్డీ ముట్టినచో దానిని అడుగుదురు. ఆన్యుయిటీ విషయమున మనము అసలును కూడ అడుగుచున్నాము. మనుమలను ముద్దుచేయుచు అసలుకంటె వడ్డీ ముద్దని మన పెద్దలందురు. ఆదాయపు పన్ను శాఖకు రెండును సమానముగా ముద్దు.

ఐతే ఈ దేశమునకు ఈ విషయమున న్యాయమే తెలియదనుట తగదు. 1964లో టి. టి. కృష్ణమాచారి ఆర్థిక మంత్రిగా నున్నపుడు ఆన్యుయిటీ డిపాజిట్ పథకమని ఒకటి వచ్చెను. సాలునకు 15,000 రూపాయలు మించిన ఆదాయము గలవారు తమ ఆదాయములో కొంతభాగమును ప్రభుత్వమున తప్పనిసరిగా జమ చేయవలెను. ప్రభుత్వము దానిని వడ్డీతో కలిపి పది సమాన వార్షిక వాయిదాలలో తిరిగి ఇచ్చును. జమ చేసిన సంవత్సరమున ఆ మొత్తమునకు పన్ను లేదు; తిరిగి వచ్చునపుడు ప్రతి వాయిదాయు ఆదాయమే. పథకము జనులకు రుచింపక కొలది యేండ్లకే మూలబడినది గాని, దానిలోని తర్కము నిర్దుష్టమైనది. లోపలికి పోవునపుడు పన్ను లేనిచో వెలుపలికి వచ్చునపుడు మొత్తముపై పన్ను. లోపలికి పోవునపుడే పన్ను కట్టించుకొన్నచో వెలుపలికి వచ్చునపుడు వృద్ధిపై మాత్రమే పన్ను. ఇంతకంటె పన్నుశాస్త్రమున చెప్పవలసినది లేదు.

ఇప్పుడు నవంబరు వరుసలోనికి మరల వత్తము. 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టము 2026 ఏప్రిల్ 1 నుండి అమలగుటచే సెక్షన్ల సంఖ్యలు మారినవి. నేను మాత్రము పాత సంఖ్యలనే చెప్పెదను, ఏలయన ఇక్కడ కూర్చున్నవారి నోళ్లలో నానినవి అవియే.

ముందున్న రైల్వే పెద్దమనిషికి మూల పింఛను నెలకు 50,000 రూపాయలనుకొందము. ఆయన దానిలో నూటికి 40 వంతులు, అనగా 20,000, కమ్యూట్ చేసికొనవచ్చును. అరువదవ యేట విశ్రాంతి పొందినవానికి పట్టికలోని గుణకము 8.194. ఇరువది వేలను పండ్రెండుచే గుణించి, ఆ గుణకముచే మరల గుణించినచో 19,66,560 రూపాయలు ఒక్కసారిగా చేతికి వచ్చును. ప్రభుత్వోద్యోగికి 10(10ఎ) సెక్షను క్రింద దీనిపై దమ్మిడీ పన్ను లేదు. పదునైదేండ్లు నెలకు 20,000 తగ్గి వచ్చును. ఆ గడువు పిదప పూర్తి పింఛను పునరుద్ధరింపబడును. ఈ పునరుద్ధరణ హక్కు కామన్ కాజ్ అను సంస్థ వేసిన వ్యాజ్యమున సర్వోన్నత న్యాయస్థానము వలన స్థిరపడినది. కరవు భత్యము మాత్రము ఈ పదునైదేండ్లును తగ్గింపునకు ముందున్న 50,000 పైననే లెక్కకు వచ్చును. పదునైదేండ్లలో ఆయన వదులుకొన్నది 36 లక్షలు. ఆ 36 లక్షలను నెలనెల పింఛనుగా పుచ్చుకొనియుండినచో ప్రతి రూపాయియు జీతపు పద్దున చేరి పన్నుకు లోబడియుండెడిది; రొక్కముగా మార్చుకొనుటచే లోబడలేదు. ప్రైవేటు ఉద్యోగికి ఇంత ఔదార్యము లేదు: గ్రాట్యుయిటీ పొందినవాడైనచో పూర్తి పింఛను యొక్క కమ్యూటేషన్ విలువలో మూడవ వంతు, పొందనివాడైనచో సగము మాత్రమే మినహాయింపు.

వెనుకనున్నవారి లెక్క వేరు. వారి ఖాతాలో విశ్రాంతి నాటికి 50 లక్షలు నిలిచినవనుకొందము. ప్రభుత్వోద్యోగి దానిలో నూటికి 60 వంతులు, అనగా 30 లక్షలు, రొక్కముగా తీసికొనవచ్చును. 2016లో 40 వంతులకే దొరికిన పన్ను మినహాయింపు 2019 ఆర్థిక చట్టముతో ఈ 60 వంతులకును విస్తరించినది. మిగిలిన 20 లక్షలతో ఆన్యుయిటీ కొనక తప్పదు. ఇచ్చట చట్టము ఒక చమత్కారము చేసినది: వచ్చిన మొత్తమును అదే సంవత్సరమున ఆన్యుయిటీ కొనుటకు వినియోగించినచో, అది అతనికి ముట్టనే లేదని భావింపవలెనని 80సీసీడీ(5) చెప్పుచున్నది. ఖాతా ఆన్యుయిటీగా మారు గడప వద్ద పన్ను లేదు; గడప దాటిన పిదప ప్రతి వాయిదాపైనను కలదు. బీమా సంస్థ నూటికి 8 చొప్పున, మూలధనము తిరిగి రాని షరతుపై, సాలునకు 1,60,000 ఇచ్చుననియు, కొన్నవారి శేషాయుర్దాయము ఇరువదేండ్లనియు ఊహింతము. 20 లక్షల అసలు ఇరువదేండ్లకు పంచినచో ఏటికి లక్ష. తక్కిన 60,000 మాత్రమే వృద్ధి. ఆన్యుయిటీ దొర 30 శాతపు శ్రేణిలో నున్నచో, తన అసలు తనకు తిరిగి వచ్చినందుకు ఏటేట, సెస్సు గాక, 30,000 రూపాయలు చెల్లించుచున్నాడు. మూలధనము నామినీకి తిరిగి వచ్చు రకము కొన్నవానిపై నాకీ ఫిర్యాదు లేదు; అతని వాయిదాయంతయు వడ్డీయే.

చందా కట్టునాడు 80సీసీడీ క్రింద మినహాయింపు పొందెను గదా, తిరిగి వచ్చునపుడు పన్ను కట్టిన తప్పేమి యని పన్ను అధికారులందురు. పాత పన్ను పద్ధతిలో నున్నంతకాలము ఈ సమాధానము సమంజసమే. అది 1964 నాటి తర్కమే. కాని 2023-24 నుండి కొత్త పన్ను పద్ధతియే సహజ పద్ధతియై, దానియందు ఉద్యోగి తన జీతము నుండి కట్టు చందాకు మినహాయింపు లేదు. యజమాని కట్టు భాగమునకు మాత్రమే కలదు. అనగా నేడు ఈ ప్రాంగణమున పనిచేయుచున్న యువ ఉపన్యాసకుడు కొత్త పద్ధతిలో నున్నచో, పన్ను కట్టిన జీతము నుండి పదవ వంతు చందా కట్టుచు, ముప్పది యేండ్ల పిదప ఆ సొమ్ముతోనే ఆన్యుయిటీ కొని, వాయిదా వాయిదాపై మరల పన్ను కట్టబోవుచున్నాడు. నిబంధనలోని మాటలు జాగ్రత్తగా చదివినచో మినహాయింపు పొందిన మొత్తము తిరిగి వచ్చుటనే ఆదాయమని చెప్పుచున్నవి. కాని ఇతర మార్గముల ఆదాయమను పెద్ద పద్దు నోరు తెరచుకొనియుండగా, ఆ మాటల ఆసరా వాదమునకే గాని రిటర్నునకు పనికివచ్చునది కాదు.

అది యట్లుండగా మరియొక చిన్న అన్యాయము కలదు. పూర్వ యజమాని నుండి వచ్చు పింఛను జీతపు పద్దున చేరునని కేంద్ర ప్రత్యక్ష పన్నుల మండలి 2018లో స్పష్టపరచినందున, రైల్వే పెద్దమనిషికి ప్రామాణిక మినహాయింపు, కొత్త పద్ధతిలో 75,000 రూపాయలు, లభించుచున్నది. ఆన్యుయిటీ తీసికొనువానికి వచ్చునది బీమా సంస్థ సొమ్ము. కావున ఇతర మార్గముల ఆదాయము. కావున ఆ మినహాయింపు లేదు. కుటుంబ పింఛను పొందు స్త్రీకి మూడవ వంతు గాని, కొత్త పద్ధతిలో 25,000 గాని, ఏది తక్కువైన అది మినహాయింతురు. జీవితమంతయు ఒకే విశ్వవిద్యాలయమున ఒకే పాఠము చెప్పిన ఇద్దరికి ముదిమిలో ఈ భేదమేల?

మధ్యలో ఖాతా నుండి తీసికొనువారి సంగతి క్లుప్తముగా చెప్పెదను. కొత్త పింఛను ఖాతాలో తాము కట్టిన చందాలలో నాల్గవ వంతు వరకు, అనుమతించిన అవసరములకు తీసికొన్నచో పన్ను లేదు. 80సీసీసీ క్రింద మినహాయింపు పొందిన బీమా పింఛను పాలసీని సరెండర్ చేసినచో, బోనసుతో సహా మొత్తము ఆ సంవత్సరపు ఆదాయమగును. ఆడపిల్ల పెండ్లికనో ఇల్లు కట్టుటకనో తొందరపడి సరెండర్ చేసినవారు మార్చి మాసమున నాలుక కరచుకొందురు.

అమెరికా నుండి తిరిగివచ్చి హబ్సిగూడలో స్థిరపడిన మన తెలుగువారి చిక్కులు వేరు. అచ్చట 1982 ఆగస్టు 14 మొదలు కొన్న ఆన్యుయిటీ ఒప్పందము నుండి, వాయిదాలు ఆరంభము కాకమునుపే సొమ్ము తీసినచో, ముందుగా బయటికి వచ్చునది లాభమనియే భావింతురు. యాబదితొమ్మిదిన్నర యేండ్లు నిండనిచో, పన్ను గాక, పన్నుకు లోబడిన మొత్తముపై నూటికి పది దండుగ. ఒక ఆన్యుయిటీని మరియొక ఆన్యుయిటీతో సొమ్ము చేతికి రానీయక మార్చుకొన్నచో 1035 సెక్షను క్రింద అప్పటికి పన్ను లేదు, పాత ఖర్చు కొత్త దానికి సంక్రమించును. మన చట్టమున దీనికి సాటియైన సామాన్య నిబంధన లేదు. ఐనను 2021లో చేరిన 89ఎ సెక్షను, అమెరికా, బ్రిటను, కెనడాలలోని విశ్రాంతి ఖాతాలపై వృద్ధికి అచ్చటివలెనే సొమ్ము తీసిన నాడే పన్ను వేయుటకు అంగీకరించినది. పరదేశపు ఖాతా విషయమున చూపిన ఈ పాటి వివేకము స్వదేశపు ఆన్యుయిటీపై చూపుట అసాధ్యమా?

ఇప్పుడు కొత్త పన్ను పద్ధతిలో సాలునకు 12 లక్షల ఆదాయము వరకు రిబేటు కలదు గదా, ఈ గోల యేమని కొందరందురు. నిజమే; చిన్న ఆన్యుయిటీదారులలో పెక్కుమందికి నేడు పన్ను పడదు. కాని రిబేటు ఒక బడ్జెటు ప్రసంగమున వచ్చినది, మరియొక బడ్జెటు ప్రసంగమున పోవచ్చును. ఆన్యుయిటీకి తోడు ఒక ఇంటి అద్దెయు, కొంత డిపాజిట్ల వడ్డీయు కలిగినవారు ఆ హద్దు దాటుట తార్నాకలో అబ్బురము కాదు.

నేను కోరునది పెద్ద సంస్కరణ కాదు. పన్ను కట్టిన సొమ్ముతో కొన్న ఆన్యుయిటీలో మూలధన భాగమెంతయో బీమా సంస్థ ఒప్పందము నాడే నిర్ణయించి, ఏటేట ఇచ్చు పత్రమున రెండు గడులలో అచ్చువేయవలెను. రెండవ గడిలోనిదే రిటర్నున చేరవలెను. ఆన్యుయిటీదారునకు పింఛనుదారునితో సమానముగా ప్రామాణిక మినహాయింపు ఇయ్యవలెను. ఆయుర్దాయపు పట్టిక ఎక్కడనుండి తెత్తురని శంక వచ్చును. బీమా గణకుల సంస్థ ఈ దేశపు ఆన్యుయిటీదారుల మరణప్రమాణములను 2012-15 నాటి అనుభవముతో పట్టికగా ఇదివరకే సిద్ధపరచినది. దంపతులిద్దరి పేరున కొన్న ఉమ్మడి ఆన్యుయిటీకి ఇద్దరి వయస్సులను కలిపి చూడవలసి యుండుటచే లెక్క కొంత జటిలమగును. కాని ఆ సంస్థలు ఈ దంపతులకు వాయిదా ఎంత ఇయ్యవలెనని నిర్ణయించునపుడు వేయు లెక్క అదియే గనుక, దానిని రెండవమారు వేయనక్కరలేదు, ఒకమారు అచ్చువేసిన చాలును.